ఊపిరికి తోడైన రాయి

2021 వేసవిలో మా సిద్దిపేటలో ఒక గృహస్థు తన తల్లిగారి ఆయాసానికి కషాయం కోసం నా వద్దకు వచ్చారు. ఆమె వేలికి పెట్టిన పరికరం 88 చూపుతున్నదన్నారు. "కషాయం సంగతి తరువాత, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి" అన్నాను. గురుకులంలో చదివిన వైద్యుని నోట ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు. ఆ తల్లి కోలుకున్నారు. తరువాత కొన్ని వారాలు ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అవసరమైనది. ఆ యంత్రంలో పని చేసేది జియోలైట్ అనే రాయి.

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెడ్ దీనిని వేడిచేయగా లోపలి నీరు ఆవిరై పొంగినది. అందుకే గ్రీకు భాషలో 'మరిగే రాయి' అని పేరు పెట్టాడు. పుణె, నాసిక్ ప్రాంతాల నల్లరాతి పొరలలో ఇది సహజంగా దొరుకుతుంది. యంత్రాలలో వాడేది కర్మాగారంలో తయారైనది.

పెరుగు తోడుపెట్టిన మట్టికుండ ఎంత కడిగినా వాసన వదలదు. జియోలైట్‌లోని రంధ్రాలు అంతకంటే ఎంతో సూక్ష్మమైనవి, ఒకే కొలత గలవి. ఒక్క గ్రాములోని లోపలి గోడల వైశాల్యం వందల చదరపు మీటర్లు. వాయువు ఆ గోడలకు అంటుకొని నిలుస్తుంది. దీనినే అధిశోషణం అంటారు. గాలిలో నత్రజని 78 శాతం, ప్రాణవాయువు 21 శాతం. గాలిని ఒత్తిడితో పంపినప్పుడు రంధ్రాలలోని విద్యుదావేశ కణాలు నత్రజనిని ఎక్కువగా పట్టి ఉంచుతాయి. సుమారు 90 నుండి 95 శాతం ప్రాణవాయువు బయటకు వస్తుంది. ఒత్తిడి తగ్గించగానే నత్రజని విడిపోయి రాయి మళ్ళీ సిద్ధమవుతుంది. రెండు గొట్టాలు వంతులవారీగా ఈ పని చేస్తాయి.

ఈ రాయికి తేమ శత్రువు. నీటి ఆవిరిని అది మరింత గట్టిగా పట్టుకుంటుంది; అప్పుడు నత్రజనికి చోటుండదు. కనుక యంత్రాన్ని తడి గదిలో ఉంచరాదు, జల్లెడ వలె ఉండే గాలి ఫిల్టరును శుభ్రంగా ఉంచాలి. దీపం, అగరువత్తి, పొయ్యి, పొగత్రాగేవారు దరిదాపులలో ఉండరాదు. దీర్ఘకాల ఊపిరితిత్తుల వ్యాధి గలవారికి మోతాదు మించిన ప్రాణవాయువు కూడా కీడే. వైద్యుడు చెప్పిన లీటర్లే పెట్టాలి.

నన్ను కలవరపెడుతున్నది మరొకటి. శరీరంలోని విషాలను లాగివేస్తుందని జియోలైట్ చూర్ణాన్ని త్రాగమని అమ్ముతున్నారు. మా శాస్త్రంలో శోధన చేయని ఖనిజాన్ని లోపలికి ఇవ్వరాదన్నది మొదటి పాఠం. పైగా ఆ చూర్ణం వ్యాధిని నయం చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. వేసుకునే మందులను కూడా అది పట్టి ఉంచే అవకాశమున్నది. గాలిలో మేలు చేసిన గుణమే కడుపులో మేలు చేస్తుందనుకోవడం పొరపాటు.

పసుపు, శొంఠి, తులసి మన వంటింటి సంపద, వాటిని విడువకండి. అయితే ఊపిరి అందని వేళ వాటితో గడియలు వృథా చేయకండి. తన వైద్యం ఎక్కడ ఆగుతుందో చెప్పగలవాడే వైద్యుడు.