విజిట్ వీసాపై కూలికి పంపుట నేరము

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండి దుబాయికిని మస్కటుకును, రాయచోటి, రాజంపేట సీమలనుండియు గోదావరీతీర గ్రామములనుండియు కువైట్‌కును దశాబ్దములుగా సాగుచున్న వలసను గూర్చి మన ప్రభుత్వములు ప్రసంగించునపుడెల్ల ఆ కష్టజీవులు పంపు ధనమును కొనియాడుటయే గాని, పోవువాడు ఏ వీసాతో విమానమెక్కుచున్నాడో విచారించుట అరుదు. వాని జీతమును, స్వేచ్ఛయు, ఒక్కొక్కపుడు ప్రాణమును ఆ వీసామీదనే ఆధారపడియున్నవి.

కంపెనీ వీసాపై పోయినవానికి ఒప్పందపత్రము గలదు, అకామా యను నివాసానుమతి గలదు, జీతము రానినాడు ఫిర్యాదు చేయుటకు తావు గలదు. ఆజాద్ వీసాయని ఏజెంట్లు అమ్మునది ఏ గల్ఫుదేశపు చట్టమునందును లేదు. ఒక కఫీలు (అచ్చటి పూచీదారుడు) పేర వీసా తీయించి, పని మీరే వెదకికొనుడని వదలివేయుటయే దాని స్వరూపము. అట్టివాడు కఫీలు వద్ద గాక వేఱొకచోట పనిచేయుచు పట్టుబడెనా, వానికి దిక్కు జైలు. ఇక విజిట్ వీసా అన్నింటికంటె నికృష్టము. అచ్చటికి చేరినపిదప కంపెనీ వీసాగా మార్పించెదమని ఏజెంటు చెప్పును; కొందఱికి మార్పు జరుగుటయు కద్దు. జరుగనివానికి మాత్రము చేసిన పనికి కూలి యడుగు హక్కు లేదు, గడువు దాటిన ప్రతిదినమును జరిమానా పెరుగుచుండును, తిరిగివచ్చుటకు క్షమాభిక్ష ప్రకటనకై నిరీక్షింపవలసివచ్చును.

ఈ దొడ్డిదారి ఏల పుట్టినది? 1983 నాటి వలస చట్టము ననుసరించి, పదవతరగతి గట్టెక్కనివాని ఈసీఆర్ (వలసతనిఖీ అవసరమగు) పాస్‌పోర్టుతో గల్ఫు మొదలగు 18 దేశములకు ఉద్యోగార్థము పోవలెనన్న ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతితోపాటు, ప్రమాదవశమున మరణించినచో కుటుంబమునకు 10 లక్షల రూపాయలు దక్కు ప్రవాసీ భారతీయ బీమాయు వచ్చును. లైసెన్సు గల ఏజెంటు సేవారుసుముగా పన్ను గాక 30,000 రూపాయలకు మించి తీసికొనరాదు. ఇంటిపనికి పోవు ఈసీఆర్ స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. సందర్శకుడనని చెప్పి పోవువానికి ఈ నిబంధనలేవియు అడ్డురావు. కావుననే పల్లెలోని సబ్ ఏజెంటు ఆ త్రోవను చూపి, అప్పుచేసి తెచ్చిన సొమ్మును యథేచ్ఛగా గుంజుకొనుచున్నాడు.

తెలిసియే పోవుచున్నారు గదా, ఎవరేమి చేయగలరని కొందఱు పలుకుదురు. ఈ మాటను మేము అంగీకరింపజాలము. బోర్లెండి, వడ్డీలు పెరిగి, చేతిలో పాస్‌పోర్టు తప్ప మఱేమియు లేనివాడు, ఏ అక్షరమును తాను చదువలేని అరబ్బీ కాగితమును ఏజెంటు మాటపై నమ్మి పుచ్చుకొనుట ఎఱుక యనిపించుకొనదు. వానిని విమానాశ్రయములో నిలిపి వేధించుట ధర్మము కాదు. వానికి ఆ టికెట్టును అమ్మినవాడెవడో అడిగి, వానిపై ఆ దినముననే కేసు పెట్టుట ధర్మము. లైసెన్సు లేక మనుషులను పంపువానికి 1983 చట్టము రెండేండ్లవరకు కారాగారమును, రెండువేల రూపాయలవరకు జరిమానాను విధించినది. రెండువేలు! ఒక్క కూలివానినుండి లాగినదానిలో ఇది ఎన్నవ వంతు? ఈ మొత్తమును లక్షలకు పెంచి, నష్టపోయినవాని సొమ్మును ఏజెంటు ఆస్తినుండి రాబట్టి యిప్పించు నిబంధనను పార్లమెంటు చేయవలెను.

రాష్ట్రప్రభుత్వములకును బాధ్యత గలదు. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు తెలంగాణ ప్రభుత్వము 5 లక్షలు ఇచ్చుట మెచ్చదగినదే. అయినను అది శవము వచ్చినపిదపటి సాయము. విదేశోద్యోగములకు పంపు ప్రభుత్వసంస్థలగు తెలంగాణ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ ఓమ్‌క్యాప్ నగరములలో కూర్చుండక, వలస అధికముగా గల ప్రతి మండలములోను వీసాను, ఒప్పందమును ఉచితముగా పరీక్షించి తెలుగులో చదివి వినిపించు ఉద్యోగినొకనిని నియమింపవలెను.

ప్రయాణమునకు సిద్ధమగుచున్న సోదరులారా, సోదరీమణులారా! ఏజెంటు లైసెన్సు సంఖ్యను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూపించుకొనుడు. ఒప్పందపు ప్రతినొకదానిని ఇంటివద్ద ఉంచిపొండు. విజిట్ వీసాపై పని యిప్పించెదనను వానికి ఒక్క రూపాయియు ఈయకుడు.