కౌన్సెలర్ దగ్గర మొదటిరోజు

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నర క్రితం మా అమ్మ పోయినప్పటినుంచీ నిద్ర సరిగా పట్టదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. వంట చేస్తూ చేస్తూ ఏడ్చేస్తున్నాను. మా డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, థైరాయిడ్, రక్తహీనత లేవన్నారు. ప్రైవేటు కౌన్సెలర్ దగ్గరకు వెళ్లమన్నారు. మావారు ఒప్పుకున్నారు గాని, తానూ పక్కన కూర్చుంటానంటున్నారు. అత్తగారికి తెలిస్తే పిచ్చి అంటారేమోనని భయం. అక్కడ ఏమడుగుతారు? నేను చెప్పినవి మావారికి చెప్పేస్తారా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందుగా రక్తపరీక్షలు చేయించడం మంచిపని. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా మనిషి ఇలాగే డీలాపడిపోవచ్చు. అమ్మ పోయిన దిగులు ఏడాది తిరిగేసరికి తీరిపోవాలన్న నియమమేమీ లేదు. కాని అది నిద్రనూ, ఇంటిపనినీ పాడుచేస్తున్నప్పుడు సాయం తీసుకోవడమే మేలు.

మొదటిరోజు మీకు సలహా ఏదీ దొరకకపోవచ్చు. నిరాశపడకండి. ముప్పావుగంటో, మరో అయిదు నిమిషాలో మాట్లాడతారు. అందులో ఎక్కువభాగం ప్రశ్నలే. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏ మందులు వాడుతున్నారు, పూర్వం ఎప్పుడైనా ఇలా అయిందా అని అడుగుతారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడగవచ్చు. ఉలిక్కిపడకండి. అడిగినంతమాత్రాన లేని ఆలోచన పుట్టుకురాదు. ఉంటే మాత్రం దాచవద్దు. మిగతా విషయాల్లో నోరు రాకపోతే, 'ఇది ఇవాళ చెప్పలేను' అనండి. ఎవరూ బలవంతపెట్టకూడదు. అక్కడ ఏడుపొస్తే ఏడవండి, వాళ్లకది కొత్త కాదు. ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు మనసు మునుపటికంటే బరువుగా ఉండవచ్చు. ఆ కారణంగా మానేసేవాళ్లను చాలామందిని చూశాం. మీరు అలా చేయకండి.

ఇక మీవారి సంగతి. ఆయన ప్రేమకొద్దీ అంటున్నారు. అయినా మొదటిసారి లోపల మీరొక్కరే ఉండాలి. ఆయన పక్కనుంటే 'ఇంట్లో అంతా బాగానే ఉందండీ' అన్న మాటే మీ నోట వస్తుంది! ఆయన్ను బయట కూర్చోమనండి. తర్వాత మీరు కోరితే లోపలికి పిలుస్తారు. మీరు చెప్పినవి మీ అనుమతి లేకుండా ఆయనకు చెప్పకూడదు. మానసిక చికిత్స వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఎవరికైనా ప్రాణాపాయం ఉందనుకున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మినహాయింపులున్నాయి. పసిపిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పితీరాలి. ఈ గుట్టు విషయం మొదటిరోజే వారినోట చెప్పించుకోండి.

బోర్డు చూసి మాత్రం నమ్మేయకండి. నాలుగు వారాల కోర్సు చదివి బోర్డు కట్టేవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎన్నాళ్లుగా చూస్తున్నారు, ఫీజెంత, ఒకవారం రాలేకపోతే డబ్బు తీసుకుంటారా అని అడగడానికి మొహమాటపడవద్దు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి నమోదు నంబరుండాలి. మందులు రాయవలసింది సైకియాట్రిస్టు. డాక్టరు కాని కౌన్సెలర్ మాత్రలు చేతిలో పెడితే తీసుకోకండి. తెల్లవారుజామున మెలకువ రావడం డిప్రెషన్‌లో తరచు చూస్తాం గనుక, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించమని వారే అనవచ్చు. జబ్బు ముదిరిందని కంగారుపడకండి.

మూడు నాలుగుసార్లు వెళ్లాక కూడా వారితో మనసు విప్పి మాట్లాడలేకపోతుంటే ఆ మాటే వారికి చెప్పండి. అప్పటికీ కుదరకపోతే మరొకరి దగ్గరకు వెళ్లండి. అందులో తప్పేమీ లేదు.

అత్తగారు అడిగితే 'డాక్టరుగారు వెళ్లమన్నచోటికి వెళ్తున్నాను' అనండి. అది నిజమే కదా! ఈలోగా ఏ రాత్రయినా మూడింటికి మెలకువొచ్చి మనసు మరీ అదుపు తప్పితే, తెల్లవారేదాకా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరిది. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కర్లేదు.