బీడీపై దయ యేల?

నంద్యాల ప్రాంతమున బీడీపొగాకు పండుచున్నది. ఆ పంటపై పరిశోధనము గూడ నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమున జరుగుచున్నది. కావున జి.యస్.టి. మండలి 2025 సెప్టెంబరులో గావించిన నిర్ణయము వెలుగోడు, ఆళ్లగడ్డ ప్రాంతముల వారికి పరాయి ముచ్చట కాదు. సిగరెట్లపై నూటికి 40 వంతుల పన్ను నిశ్చయించిన మండలియే బీడీలపై నున్న 28 వంతులను 18కి దింప నిశ్చయించినది. బీదవాని పొగ గదా యని దయ దలచిరి కాబోలు!

ఈ దయ బీదవానికి మేలు చేయునని మేము తలంపజాలము. బీడీ సిగరెట్టుకంటె నిరపాయకరమనుట వట్టి భ్రమ. తునికాకు గాలి చొరనీయదు. నిప్పారకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలయును. ఆ విషమంతయు ఊపిరితిత్తులలోనికే పోవును. పొగాకువలన ప్రపంచమున ఏటేట 70 లక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. వీరిలో లక్షలకొలది తాము త్రాగక, ఇతరులు విడిచిన పొగను పీల్చినవారే. చికిత్సకైన వ్యయము, పోయిన పని, అకాలమరణములు కలిపి 2017-18లో మన దేశమునకు గలిగిన నష్టము సుమారు 1,77,000 కోట్ల రూపాయలని పరిశోధకులు లెక్కగట్టిరి. పొగాకుపై వచ్చిన ఎక్సైజు రాబడి అందులో ఎనిమిదవ వంతుకైనను చాలలేదు. ఇట్టి వ్యాపారమును ఏ షావుకారైనను సాగించునా?

బీడీలు చుట్టు స్త్రీల గతి యేమని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని పన్ను తగ్గినంతమాత్రమున వారి కూలి పెరుగదు. పగలెల్ల పొగాకు ధూళిని పీల్చుటయు తప్పదు. ఆ పన్నును నిలిపి, వచ్చిన ధనముతో వారికి వేరొక జీవనోపాధి జూపుట మేలుగాదా?

రైతు మాటయు నట్టిదే. 2025లో బర్లీ పొగాకు ధర కూలగా ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చెను. ఒకచేత పొట్లముపై పుండుపడిన నోటి బొమ్మను ముద్రింపించి, వేరొకచేత ఆ యాకునే కొనుట! వెలుగోడు జలాశయమున తెలుగుగంగ నీరు నిలుచుచున్నది. శనగ, జొన్నలు ఈ సీమకు క్రొత్త పంటలు గావు. రైతునకు వలసినది పంట మార్చుమను ఉపదేశము కాదు, మార్చిన పంటకు ధర. శనగ కల్లమునకు వచ్చునాటికే కొనుగోలు కేంద్రములు తెరువబడవలయును. సరకంతయు దళారుల గిడ్డంగులకు జేరిన పిమ్మట తెరచు కేంద్రములు రైతున కేల?