కొండ ఎక్కిన పిల్లలు ఏమి చూచి వస్తున్నారు?

దక్షిణ అమెరికాలో, ఈక్వెడార్ దేశపు ఆండీస్ పర్వతాల నడుమ, కిలొతోవా అనే అగ్నిపర్వతం ఒకటి ఉన్నది. సుమారు 1280 ప్రాంతంలో, అంటే మన తిక్కన సోమయాజి కాలంలోనే, అది ఘోరంగా పేలి శిఖరం కూలిపోయింది. ఆ గుంట వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు. అందులో నేడు పచ్చని సరస్సు ఒకటి నిలిచి ఉన్నది. క్విటో నగరం నుండి ఒక్క రోజులో దానిని చూచి రావచ్చు. వెంట ఒక మార్గదర్శి ఉంటాడు. గుంట ఎట్లా ఏర్పడినదో, నీటికి ఆ పచ్చదనం ఎక్కడిదో అతడు చెబుతుంటే విని, ఆ తరువాత ఏటవాలు దారిన సరస్సు దాకా దిగుతారు.

అంతదూరం పోనక్కరలేదు. ఎనిమిదివందల ఏండ్ల వింత అక్కడ ఉంటే, ఎనుబది కోట్ల ఏండ్ల వింత తిరుపతి గుమ్మంలోనే ఉన్నది.

తిరుమల కనుమదారిలో అడుగున ఉన్నది అతిప్రాచీనమైన గ్రానైటు శిల. దానిపై నిటారుగా లేచిన ఎర్రని గోడలు క్వార్ట్‌జైటు. ఒకనాడు నీటి అడుగున పరచుకొన్న ఇసుకే గట్టిపడి అట్లా రాయి అయింది. ఈ రెండింటికీ నడుమ ఒక గీత కనబడుతుంది. క్రింది రాయి పుట్టిన తరువాత పై ఇసుక పడేలోగా గడచిన కాలం సుమారు 80 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ కాలపు చరిత్ర అక్కడ లేదు. తాళపత్ర గ్రంథంలో నడుమ ఆకులు లుప్తమైతే తెలుగు పండితుడు ఎంత విలవిలలాడుతాడు! ఇక్కడ లుప్తమైనవి ఎన్ని ఆకులో! భారత భూగర్భ పరిశీలన సంస్థ ఈ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించింది. పైనున్న శిలాతోరణానికీ ఆ గౌరవమే దక్కింది.

మన పాఠశాలల విహారయాత్రలు చూడండి. బస్సు మలుపులు తిరుగుతూ ఉంటే పిల్లలు పాటలు పాడుతూ ఉంటారు, కొందరు కడుపులో తిప్పి కళ్లు మూసుకొంటారు. ఆ గీత వెనుకకు పోతుంది. శిలాతోరణం వద్ద ఫోటో తీసుకోవడం, పులిహోర పొట్లం విప్పడం, అంతటితో సరి. తోరణాన్ని గురించి భక్తులు చెప్పుకొనే కథ పిల్లలకు ఎట్లాగూ తెలుస్తుంది, తెలియవలసినదే. గాలీ వానా ఆ బండను తొలిచిన కథ మాత్రం చెప్పేవారు లేరు. ఒక కథ చెబితే రెండవది చెడిపోతుందన్న భయం కొందరు ఉపాధ్యాయులలో ఉన్నది. అది వట్టి భయం.

ఉపాధ్యాయులను మాత్రం ఎంతని తప్పుపట్టగలం? వారికీ ఎవరూ చూపలేదు గదా. తిరుపతిలో 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖ ఉన్నది. అక్కడి విద్యార్థి ఒకరు బస్సుకు ఒకరుగా వెంట వస్తే చాలు. కనుమదారిలో కోరినచోట బస్సు ఆపడం కుదరదు, ప్రమాదం కూడా. కనుక బయలుదేరక ముందే నల్లబల్లమీద ఆ గీత గీసి, ఏ వైపు కిటికీలోనుండి చూడవలెనో చెప్పాలి. నాలుగైదు చోట్లు చుట్టివచ్చే యాత్ర మాని, ఆ రోజంతా ఈ ఒక్క కొండకే ఇవ్వాలి. మరునాడు వ్యాసం వ్రాయించే పని తెలుగు మాస్టారిది.