పంపే ముందు ఊరూ పేరూ అడగండి

గ్రూపుల్లో రోజుకో అద్భుతం వస్తుందండి. ఫలానా ద్రావణం కొడితే ఎకరాకి అరవై బస్తాలంట! ఏ ఊరు, ఏ రకం, సార్వాయా దాళ్వాయా? ఒక్కటీ ఉండదు. మనం మాత్రం పూర్తిగా చూడకుండానే పది మందికి తోసేస్తాం.

నెట్‌లో నాకు దొరికిన అసలు సంగతి వినండి. మన మార్టేరులో పుట్టిన స్వర్ణలోకి, ఒడిశా పాత రకం ఎఫ్‌ఆర్ 13ఏ నుంచి ముంపును తట్టుకునే జన్యువు తెచ్చారు, ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి శాస్త్రవేత్తలు. అదే స్వర్ణ సబ్-1. 2009లో మన దేశంలో విడుదలైంది. పిలకల దశలో రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. ఈనిక వేళ వచ్చే ముంపుకి, నెలల తరబడి నిలిచే నీటికి మాత్రం ఆ జన్యువు అక్కరకు రాదు. ఈ సంగతీ శాస్త్రవేత్తలే చెప్పారు.

తేడా చూశారా? నిజం చెప్పేవాడు ఎక్కడ పనిచేయదో కూడా చెబుతాడు. లాభమే చెప్పేవాడు సీసా అమ్ముకోడానికి వచ్చినోడు.

పంపుకోండి, వద్దనను. కానీ రకం, ఊరు, ఏడాది లేని వీడియో మీ దగ్గరే ఆపండి. మీకది ఒక్క వేలి నొక్కుడు. దాన్ని నమ్మి మందు కొనేది అప్పు తెచ్చి సాగు చేసే కౌలు రైతండీ.