ఐస్‌లో రకాలేముంటాయంటారా?

నీళ్లు గడ్డకడితే ఐసు, అందులో రకాలేముంటాయండీ అనే మాట చందర్లపాడు వైపు ఎండాకాలమంతా వినిపిస్తుంది. చెరకు రసం బండి దగ్గర అంటారు, పెళ్లి పందిట్లో అంటారు, మిరప కల్లాల్లో కూలీలకు నిమ్మనీళ్లు కలిపే చోటా అంటారు. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు. పాలు ఎవరింటివి, బియ్యం పాతవా కొత్తవా, మజ్జిగ పులిసిందా అని పదిసార్లు అడిగే మనం ఐస్ దగ్గరికి వచ్చేసరికి నోరెత్తం. చల్లగా ఉంటే చాలనుకుంటాం. ఈ ఆలోచన పూర్తిగా తప్పు. దీనివల్ల ఆరోగ్యమూ చెడుతోంది, రుచీ చెడుతోంది. గ్లాసులో వేసిన ఐస్ కాసేపట్లో మన కడుపులోకి పోయే నీరు. ఎండాకాలం మనం తాగే నిమ్మనీళ్లలో నాలుగో వంతు దాకా అదే ఉంటుంది. అంత భాగం ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా తయారైందో పట్టించుకోనక్కర్లేదని ఎలా అనగలం?

ముందు నీటి సంగతి. ఐస్ ఫ్యాక్టరీలో ఒక పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు ఉంటాయి. అమ్మోనియాతో నడిచే యంత్రం వాటిని సున్నా డిగ్రీలకు బాగా దిగువకు చల్లబరుస్తుంది. అంత ఉప్పు ఉన్నందువల్ల ఆ నీళ్లు గడ్డకట్టవు. జింకు పూత వేసిన ఇనుప డబ్బాల్లో మామూలు నీళ్లు పోసి ఆ తొట్టిలోకి దించుతారు. డబ్బాలో నీళ్లు అంచుల నుంచి లోపలికి గట్టిపడుతూ వస్తాయి. పెద్ద దిమ్మకు రోజు పైనే పడుతుంది. తర్వాత డబ్బాను మామూలు నీళ్లలో ముంచితే దిమ్మ ఊడివస్తుంది. ఈ పద్ధతిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. డబ్బాలో ఏ నీళ్లు పోశారు, ఆ డబ్బాకు తుప్పు పట్టిందా, దిమ్మను ఏ నేల మీద ఈడ్చారు, ఏ గోనెపట్టాలో చుట్టారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఐస్‌కు పెద్ద గిరాకీ చేపల వ్యాపారం నుంచే వచ్చింది. కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపలు ఐస్ పొడి మధ్య పేర్చుకుని బెంగాల్, అస్సాం దాకా లారీల్లో వెళ్తాయి. చేపల పెట్టె కోసం చేసిన దిమ్మ నిమ్మనీళ్ల గ్లాసు కోసం చేసింది కాదు. రెండూ ఒకే రకం గోనెపట్టాలో, ఒకే తెలుపులో కనిపిస్తాయి కాబట్టి మనం తేడా లేదనుకుంటున్నాం.

ఈ తేడాను కంటికి కనిపించేలా చేయాలనే 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. తినడానికి ఉద్దేశించని ఐస్‌లో ఇండిగో కార్మైన్ గానీ బ్రిలియంట్ బ్లూ గానీ, పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించకుండా కలిపి నీలంగా చేయాలి. తినే ఐస్‌కు రంగు ఉండకూడదు. అది తాగునీటి ప్రమాణానికి, అంటే ఐఎస్ 10500కు సరిపోయే నీటితోనే తయారవ్వాలి. రకాల్లేవని వాదించేవాళ్లు ఈ ఆదేశం ఎందుకొచ్చిందో చెప్పాలి. నందిగామ బజారులోనో జగ్గయ్యపేట బజారులోనో నీలం దిమ్మను మీరెప్పుడైనా చూశారా? తెల్లగా ఉన్న ప్రతి దిమ్మా తాగే నీటిదే అయితే నాకంటే సంతోషించేవాళ్లుండరు. అడగకుండా మాత్రం నమ్మలేను.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: అంత చలికి క్రిములు బతుకుతాయా అని. బతుకుతాయి. గడ్డకట్టినప్పుడు కొన్ని చస్తాయి, చాలా మిగులుతాయి. టైఫాయిడ్, కలరా కలిగించే సూక్ష్మజీవులు, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ ఐస్‌లో ఉండి, కరిగాక మళ్లీ మనిషికి సోకగలవు. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను ఏళ్ల తరబడి దాచేది కూడా గడ్డకట్టించే. మరిగిస్తే చస్తాయి కాబట్టి గడ్డకట్టించినా చస్తాయనుకోవడం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఈ ఒక్క అపోహ ప్రతి వేసవిలో మన పిల్లల్ని మంచాన పడేస్తోంది. కాచి చల్లార్చిన నీళ్లు బాటిల్లో పోసిచ్చి బడికి పంపే తల్లి, సాయంత్రం అదే పిల్లాడికి ఏ నీటిదో తెలియని ఐస్ వేసిన రసం కొనిపెడుతుంది. ఆమెను తప్పుపట్టలేం. ఐస్ కూడా నీరేనని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మన పెద్దల కాలంలో ఈ పట్టింపులెక్కడివి అంటారు. ఉండేవి. మార్కెట్లో యంత్రపు ఐస్ రాకముందు అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చెరువుల మీద శీతకాలంలో కోసిన మంచు దిమ్మల్ని రంపపు పొట్టులో పేర్చి ఓడల మీద ఇక్కడికి పంపేవాడు. మొదటి ఓడ నాలుగు నెలలు ప్రయాణించి 1833లో కలకత్తా చేరింది. మద్రాసులో ఆ మంచు నిల్వకు 1842లో కట్టిన ఐస్ హౌసే ఇప్పటి వివేకానంద ఇల్లం. అంత దూరం నుంచి, దారిలో ఎంతో కరిగిపోయినా తెప్పించుకోవడం ఎందుకు? బెంగాల్లో ఐస్ దొరక్క కాదు. హుగ్లీ ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లో గడ్డి పరిచిన గుంటల్లో లోతు లేని మట్టి మూకుళ్లు పెట్టి, పల్చని మంచు పొరలు పట్టేవారు. ఆ ఐస్ మురికిగా ఉండేది. అది సీసాల బయట పెట్టి చల్లబరచడానికే పనికొచ్చేది. గ్లాసులో వేసుకోవడానికి బోస్టన్ ఐస్ కావాల్సి వచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే బయట పెట్టే ఐస్ వేరు, లోపల వేసే ఐస్ వేరు అన్న గ్రహింపు ఉంది. ఇవాళ మనం ఆ తేడాను చెరిపేసుకున్నాం.

ఇక రెండో అపోహ, అద్దంలా ఉంటే శుభ్రమైన ఐస్, తెల్లగా ఉంటే చెడ్డది అని. ఇది మన ప్రాంతంలో మరీ తప్పుదారి పట్టిస్తుంది. జగ్గయ్యపేట, ముక్త్యాల చుట్టూ సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికొచ్చిందే అందుకు. అలాంటి నేలలో బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. తాగునీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చంటారు. కఠినమైన నీటిని ట్రేలో గడ్డకట్టిస్తే ముందు అంచుల్లో శుభ్రమైన నీరు గట్టిపడి, లవణాల్నీ నీటిలో కరిగి ఉన్న గాలినీ మధ్యకు నెడుతుంది. అవి అక్కడ చిక్కుకుని తెల్ల మచ్చ అవుతాయి. కరిగాక గ్లాసు అడుగున చేరే తెల్లటి పొలుసులు ఆ కాల్షియమే. చూడ్డానికి బాగోదు, నోటికి కాస్త సుద్దలా తగులుతుంది, అంతకుమించి ప్రమాదం లేదు. మరోపక్క ఫ్యాక్టరీలో డబ్బాలోకి గాలి గొట్టం పెట్టి నీళ్లను కదుపుతూ గడ్డకట్టిస్తే ఎలాంటి నీటితోనైనా దిమ్మ చాలావరకు అద్దంలా వస్తుంది. క్రిమి కంటికి కనిపించదు. కాబట్టి ఐస్ మెరుపును చూసి నీటి శుభ్రతను తేల్చలేం.

అద్దంలాంటి ఐస్ మీద ఇష్టం ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్లను రెండుసార్లు మరిగిస్తే చాలని చాలామంది చెబుతారు గానీ దానివల్ల వచ్చే తేడా కొద్దిపాటిదే. చలి పైనుంచి మాత్రమే తగలాలి. ఫ్రీజర్లో పట్టే చిన్న థర్మోకోల్ పెట్టెలో గిన్నె పెట్టి, పైన మూత లేకుండా వదిలితే నీళ్లు పైనుంచి కిందికి గడ్డకడతాయి. గాలి, లవణాలు అడుగుకు పోతాయి. అడుగున ఇంకా కాస్త నీరు ఉండగానే తీసేసి ఆ నీటిని పారబోస్తే మిగిలింది మెరిసే గడ్డ. అది రుచికి కూడా మేలు, ఎందుకంటే ఆ కాల్షియం చాలావరకు పోయింది.

ఇప్పుడు ఆకారం, పరిమాణం సంగతి. ఐస్ ఎక్కువేస్తే పల్చబడుతుందని రెండే ముక్కలు వేసే అలవాటు ఇంటింటా ఉంది. లెక్క చూడండి. గ్రాము ఐస్ కరగడానికి 80 కేలరీల వేడి తీసుకుంటుంది. మే నెలలో 35 డిగ్రీలున్న 200 మిల్లీలీటర్ల నిమ్మనీళ్లను 5 డిగ్రీలకు తేవాలంటే సుమారు 70 గ్రాముల ఐస్ కరగాలి. ఇంటి ట్రే ముక్క 15, 20 గ్రాములుంటుంది. రెండు ముక్కలు వేస్తే అవి పూర్తిగా కరిగిపోతాయి, నిమ్మనీళ్లు పదహారు నుంచి ఇరవై డిగ్రీల మధ్య ఆగిపోతాయి. పల్చబడనూ పల్చబడ్డాయి, చల్లబడనూ లేదు. పల్చబడేది పానీయంలో ఉన్న వేడి వల్ల. అదే నీళ్లను ముందు మట్టి కుండలో పెట్టి 25 డిగ్రీలకు తెస్తే 47 గ్రాములు చాలు. ఫ్రిజ్‌లో 10 డిగ్రీలకు తెస్తే పన్నెండే గ్రాములు, అంటే ఒక్క ముక్క. ఐస్ దగ్గర పిసినారితనం చూపించేవాళ్లు కుండ దగ్గర శ్రద్ధ చూపిస్తే రుచి దక్కుతుంది. మచిలీపట్నంలాంటి తేమ ఊళ్లలో కుండ అంతగా పని చేయదు. మన మెట్ట ప్రాంతపు పొడి పడమటి గాలిలో అద్భుతంగా పని చేస్తుంది. దాన్ని మనమే మూలన పడేశాం.

పొడి ఐస్‌కూ చోటుంది. ఐస్ గోలాకు, చిక్కటి సుగంధిపాల షర్బతుకు అదే కావాలి. పాకం చిక్కగా ఉంటుంది కాబట్టి కరిగే నీళ్లు దానికి అవసరమే. సన్నగా చితక్కొట్టిన ఐస్‌కు నీటితో తగిలే ఉపరితలం ఎక్కువ, అందుకే త్వరగా చల్లబరుస్తుంది, త్వరగా కరుగుతుంది. కొట్టి పక్కన పెడితే మాత్రం పైన తడి పేరుకుని గ్లాసులోకి సగం నీళ్లే పడతాయి. సోడా విషయం వేరు. గరుకు పొడి తగిలితే గ్యాసు బుసబుసా పొంగి పోతుంది. గోలీ సోడా కొట్టే ముందు సీసానే బాగా చల్లబరిచి, నున్నటి పెద్ద ముక్క ఒకటి వేస్తే ఘాటు చివరిదాకా ఉంటుంది. మజ్జిగలో నీళ్ల ఐస్ వేయడం నాకు అసలు నచ్చదు. మజ్జిగనే ఉప్పు, కరివేపాకుతో ట్రేలో గడ్డకట్టించి రెండు ముక్కలు వేయండి, కరిగే కొద్దీ మజ్జిగే అవుతుంది. నిమ్మరసం, కొబ్బరినీళ్లూ అంతే. ట్రేకు మూత మరవొద్దు. పక్కన చేపో మాంసమో ఉంటే ఐస్ ఆ వాసన పీల్చుకుంటుంది. ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుని ఉంటే కరెంటు పోయి మధ్యలో కరిగి ఉండొచ్చు.

బండి మీద రసం అమ్ముకునేవాడికి ఇవన్నీ కుదురుతాయా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అతని లాభం ఎంతో నాకు తెలియనిది కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దిమ్మ ఏ నీటిదో అతనికే తెలియకపోవచ్చు. అందుకే బాధ్యత ముందు ఫ్యాక్టరీది, తర్వాత ఆహార భద్రత అధికారులది. నీలం రంగు ఆదేశం అమలైతే బండివాడు మోసపోడు. అది అమలయ్యేదాకా అతను చేయగలిగింది ఒకటుంది: రసం పట్టిన పాత్రను ఐస్ నిండిన తొట్టిలో నిలబెట్టి, బయటినుంచి చల్లబరచడం. ఖర్చు పెద్దగా పెరగదు. దిమ్మ ఏ నీటిదైనా గ్లాసులోకి రాదు.

పెళ్లిళ్లలో నీళ్ల సీసాలు తొట్టిలో ఐస్ నీళ్లలో తేలుతుంటాయి. సీసా మూతి దగ్గర ఆ నీళ్లే నిలుస్తాయి. తుడవకుండా నోటికి పెట్టుకోకండి, పిల్లలకు తుడిచి ఇవ్వండి.

చలివేంద్రాలు పెట్టేవారికి నా విన్నపం. దాహం తీర్చడం గొప్ప పని, మీకు దండం. అయితే డ్రమ్ములో దిమ్మ పడేసి చల్లటి నీళ్లు ఇస్తున్నామనుకోకండి. ఈ వేసవిలో చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట రోడ్ల మీద పందిరి వేసే ప్రతివారూ నాలుగు మట్టి కుండలు కొనండి, తడి గుడ్డ చుట్టి నీడలో పెట్టండి, తాగే నీళ్లు పోయండి. ఐస్ తెచ్చినా కుండ బయటే ఉంచండి.