సిపాయిని అడగమన్న పాట

సునీల్‌దత్, నందా నటించిన 'ఉస్నే కహా థా' చిత్రంలో ఒక పాట మన హైదరాబాదు కవి రాశాడని మీలో ఎందరికి తెలుసు? 1960లో వచ్చిన చిత్రమది. నిర్మాత బిమల్‌రాయ్, సంగీతం సలిల్ చౌదరి. శైలేంద్ర పాటల సరసన మన్నాడే, బృందం పాడిన 'జానేవాలే సిపాహీ సే పూఛో' ఉంటుంది. అది మఖ్దూం మొహియుద్దీన్‌ది. మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి కమ్యూనిస్టు ఉద్యమంలోకి దూకిన మఖ్దూమే!

చిత్రానికి మూలం చంద్రధర్ శర్మ గులేరీ 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే రాసిన కథ. చిన్నప్పుడు బజార్లో కలిసిన పిల్ల పెద్దయ్యాక సుబేదారు భార్యగా ఎదురై, నా మొగుణ్ణీ కొడుకునీ కాపాడమంటుంది. లహనాసింగ్ అనే సిపాయి ఆ మాట నిలబెట్టి కన్నుమూస్తాడు.

మఖ్దూం కవిత మాత్రం సినిమా కోసం కట్టింది కాదు. అంతకుముందు రాసుకున్నదే. అందులో జైకొట్టడాలు లేవు. పోతున్న సిపాయిని ఎక్కడికయ్యా అని అడగమంటాడు. అంతలోనే, ఆకలితో ఉన్న పిల్లల్ని పాటతో మాయచేస్తున్న దుఃఖినిని చూపిస్తాడు. శవాలు కాలే కమురు కూడా మన ముక్కుకు తగిలిస్తాడు. సినిమా పాటలో ఇంత ధైర్యం అరుదండీ.

పంద్రాగస్టుకు మైకుల్లో మోగేది ఇది కాదు, 1963లో నెహ్రూ ఎదుట లతా పాడిన ప్రదీప్ గీతం. గొప్ప పాటే, కాదనను. కానీ అది చనిపోయినవాళ్లకు కన్నీళ్లు. తిరిగొచ్చినవాడి సంగతో?

ఆస్ట్రేలియాలో జాన్ షూమన్ అనే గాయకుడు తన బావమరిదిని కూర్చోబెట్టి, వియత్నాంలో ఏం జరిగిందో చెప్పించుకుని, టేపు మీద రికార్డు చేసుకుని మరీ పాట కట్టాడు. 1983లో 'ఐ వజ్ ఓన్లీ నైన్టీన్' పేరుతో రెడ్‌గమ్ బృందం విడుదల చేస్తే అక్కడ నంబర్ వన్ అయింది. మనకు 'కంచె' (2015)లాంటి యుద్ధ చిత్రం ఉంది, సిరివెన్నెల పాటలున్నాయి. సిపాయి నోట విని కట్టిన తెలుగు పాట మాత్రం నా చెవిన పడలేదు.

ఆ మధ్య వెలుగోడులో, 1971 యుద్ధానికి పోయొచ్చిన ఒకాయనకు, నాకు వరసకు మామ, మఖ్దూం పాట సెల్లులో వినిపించాను. మిలిటరీ హిందీ కదా, ఇట్టే పట్టేశాడు.

"రైలెక్కేటప్పుడు యాడికి పోతాండామో మాగ్గూడా చెప్పలా అల్లుడా" అన్నాడు. "రాత్రిళ్లు కందకంలో కూచోని ఏం తలుచుకుంటాంటిమి అనుకుంటివి? మనియార్డరు చేరిందో లేదో, మాయమ్మ జొన్నలు కొనిందో లేదో. అదే ధ్యాస."

"ఇది ఎవరికన్నా చెప్పినావా మామా?"

"అడిగితే గదా! శాలువా కప్పుతారు, ఫొటో తీసుకుంటారు, పోతారు."

కాసేపాగి, "ఈ పాట రాసినాయన ఫౌజులో చేసినాడా?" అన్నాడు.

"లేదు మామా, కాలేజీలో పంతులు."

"అట్లయితే ఎవురో ఫౌజువాణ్ణి అడిగే ఉంటాడులే."